26 కిలోల బస్తా చెప్పే కెరీర్

కామారెడ్డి కిరాణా దుకాణాల్లో 26 కిలోల బియ్యం బస్తా చూసే ఉంటారు. 25 కిలోల దగ్గర ఆగకుండా ఆ ఒక్క కిలో ఎందుకు? ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం బస్తా 25 కిలోల దాకా ఉంటే 2022 జులై 18 నుంచి 5 శాతం జీఎస్టీ పడుతోంది. 26 కిలోలైతే పడదు. నోటిఫికేషన్ చదివి ఈ తేడా పట్టుకోవడానికి మనిషే కావాలి. పట్టుకున్నాక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో మార్చడం ఎంతసేపు?

ఎల్లారెడ్డి బస్సు దిగి, పిల్లల చదువు గురించి సలహా కోసం నా దగ్గరికొచ్చే తండ్రులు మాత్రం, "బీకాం జేసి ఏం జేస్తడు సార్, లెక్కలన్నీ కంప్యూటరే జేస్తున్నది గదా" అంటారు. పిల్లాణ్ని అడిగినా తండ్రే జవాబిస్తాడు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

కంప్యూటర్ చేసేదేమిటో చూడండి. ఏడాది టర్నోవర్ 5 కోట్లు దాటిన వ్యాపారి ఇతర వ్యాపారులకిచ్చే బిల్లులకు 2023 ఆగస్టు 1 నుంచి ఈ-ఇన్వాయిస్ తప్పనిసరి. అదే ఏడాది ఏప్రిల్ 1 నుంచి కంపెనీల అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఏ ఎంట్రీ ఎప్పుడు మారిందో చెరగకుండా నమోదవ్వాలి. ట్యాలీ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎడిట్ లాగ్ అందుకే. రూల్సేమో మారుతూనే ఉన్నాయి: 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ రేట్లు మారాయి, నవంబర్ 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకొచ్చి వేతనం నిర్వచనమే మారిపోయింది. పెద్ద కంపెనీలు కొత్త గెజిట్లు, సర్క్యులర్లు పోగుచేసి, ఏ పని ఎవరు ఏ తేదీలోగా చెయ్యాలో గుర్తుచేసే సాఫ్ట్‌వేర్ వాడుతున్నాయి. అది అలారం మోగిస్తుంది. ఆ సర్క్యులర్ మన కంపెనీకి వర్తిస్తుందా లేదా తేల్చేది కంప్లయన్స్ ఉద్యోగి, అంటే కంపెనీ చట్టాలూ నిబంధనలూ పాటించేలా చూసే మనిషి.

ఇది విని హైదరాబాద్‌లోని అమీర్‌పేటకు బస్సెక్కకండి! 'కంప్లయన్స్ విత్ ఏఐ, జాబ్ గ్యారంటీ' అనే కోచింగ్ సెంటర్ల బోర్డులు ఊరిస్తాయి. ఫీజు, హాస్టల్, మెస్ కలిపి ఇంట్లో బంగారం బ్యాంకుకు చేరుతుంది. చేతికొచ్చేది ఆ కోచింగ్ సెంటరే అచ్చేసుకున్న సర్టిఫికెట్. గ్యారంటీ అన్నమాట రసీదు మీద రాసివ్వమనండి, ఎలా నీళ్లు నములుతారో చూద్దురు. నోటిఫికేషన్లు, సర్క్యులర్లు ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఉచితంగానే ఉన్నాయి. వాటిని ఇంగ్లిష్‌లో చదివి అర్థం చేసుకోవడమే అసలు నైపుణ్యం, పల్లె పిల్లలకు కష్టమయ్యేదీ అదే. రోజుకొక పేజీ చదివించండి.

ఇంటర్ పాసైతే డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాల 'దోస్త్' ద్వారా బీకాంలో చేరొచ్చు, సీఏ ఫౌండేషన్ గానీ కంపెనీ సెక్రటరీ ప్రవేశ పరీక్ష గానీ రాయొచ్చు. ఈ కంప్లయన్స్ పనికైతే నా ఓటు బీకాం చదువుతూ కంపెనీ సెక్రటరీకి. సీఏ గొప్పదే, కానీ పక్కింటి అబ్బాయి చేరాడని మీవాణ్ని తోయకండి.

ఫీజు కట్టే ముందు, మీకు తెలిసిన రైస్‌మిల్లు అకౌంటెంట్ దగ్గర వాణ్ని ఒక నెల కూర్చోబెట్టండి. నెలనెలా వేసే జీఎస్టీ రిటర్నులకు గడువు 11న ఒకటి, 20న ఒకటి. ఆ రెండు రోజుల పని చూశాక వాడికి నచ్చిందో లేదో వాణ్నే చెప్పనివ్వండి.