షుగరు ఉన్నవారికి బి.పి. - మనం తెలుసుకోవలసిన విషయాలు

మన ఇళ్ళలో షుగరు మాత్ర మరిచిపోనివారు కూడా బి.పి. మాత్ర దగ్గర అశ్రద్ధ చేస్తారు. "తల తిరగడం లేదుగా, ఇంకెందుకు?" అంటారు. కాని చాలామందిలో బి.పి.కి ఏ లక్షణమూ కనిపించదు. కొలిస్తేనే తెలుస్తుంది.

రెండూ కలిస్తే: చక్కెర ఎక్కువైతే రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటుంది. దానికి రక్తపు ఒత్తిడి తోడైతే కంటిలోని, మూత్రపిండాలలోని సన్నని నాళాలు త్వరగా పాడవుతాయి. గుండెపోటు, పక్షవాతం ముప్పు పెరుగుతుంది. బ్రిటన్‌లో 1,148 మంది షుగరు, బి.పి. రోగులపై జరిపి 1998లో ప్రకటించిన యు.కె.పి.డి.ఎస్. పరిశోధనలో ఒక వర్గం సగటు బి.పి. 154/87, గట్టిగా అదుపు చేసిన వర్గానిది 144/82. ఆ కాస్త తేడాకే పక్షవాతం 44 శాతం, షుగరు వల్ల వచ్చే మరణాలు 32 శాతం తగ్గాయి.

ఎంత ఉండాలి: షుగరు ఉన్నవారికి సాధారణంగా 130/80 లోపు. బాగా పెద్దవారికి ఎంత ఉండాలో డాక్టరే చెప్పాలి. కొలిచే ముందు అరగంట కాఫీ, టీ, చుట్ట, బీడీ మానాలి. అయిదు నిమిషాలు కదలకుండా కూర్చోవాలి.

ఉప్పు: బి.పి. అనగానే మనవాళ్ళు కారం మానేస్తారు. మానవలసింది ఉప్పు. రోజుకు 5 గ్రాముల లోపు, అంటే సుమారు ఒక టీ చెంచా. ఆవకాయ, గోంగూర పచ్చడి, ఊరమిరపకాయలు, అప్పడాలు, ఎండు చేపలలోని ఉప్పూ ఈ లెక్కలోదే.

నొప్పి బిళ్ళలు: మార్టూరు చుట్టుపక్కల మిరప కోతల రోజుల్లో నడుము నొప్పికి బిళ్ళ వేసుకుని మళ్ళీ చేలోకి వెళ్ళేవారెందరో. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి బి.పి.ని పెంచుతాయి, మూత్రపిండాలకు హాని చేస్తాయి. షుగరు, బి.పి. ఉన్నాయని డాక్టరుకు చెప్పకుండా వీటిని వాడరాదు.

మందులు: మూత్రంలో ఆల్బుమిన్ పోతుంటే ఎనలాప్రిల్, టెల్మిసార్టాన్ వంటి మందులు మూత్రపిండాలను కాపాడతాయి. చాలామందికి రెండు రకాల మాత్రలు అవసరమవుతాయి. అంతమాత్రాన జబ్బు ముదిరిందని కాదు. బి.పి. తగ్గిందంటే మాత్ర పనిచేస్తోందని అర్థం, మానెయ్యమని కాదు. లేచి నిలబడగానే కళ్ళు తిరిగితే డాక్టరుకు చెప్పాలి.

మన వంతు: కూలి పోతుందని పెద్దవాళ్ళు ఆసుపత్రికి వెళ్ళరు. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మనమే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళదాం. బి.పి. అంకె, తేదీ ఒక నోటుపుస్తకంలో రాద్దాం. ఏడాదికొకసారి మూత్రం, క్రియాటినిన్, కంటి పరీక్షలు చేయించారా అని అడుగుదాం. మాత్రల చీటీ చదివి చెప్పడానికి ఆ ఇంట్లో మనం కాక ఇంకెవరున్నారు?