పర్మినెంటైతే ప్రొఫెసర్ అయినట్టేనా?

“సారూ, మా పిల్ల పీహెచ్‌డీ జేస్తే ప్రొఫెసర్ అయితది గదా? పైసలకు ఫికర్ జెయ్యకుండ్రి. అవసరం పడితే రెండెకరాలు తీసేస్త.”

ఓ ఆదివారం పోచారం కట్ట మీద ఒక రైతు నన్ను ఆపి అడిగిన మాట ఇది. నాగిరెడ్డిపేట మండలం మనిషి. ఆ రెండెకరాలు ఈ చెరువు కిందవే. ఆలేరు వాగుకు అడ్డంగా నిజాం కాలంలో కట్టి 1922లో పూర్తి చేసిన ఈ ప్రాజెక్టు నీళ్లు పారే మడి. పక్కన కూతురు తల వంచుకుని నిలబడింది. ఎమ్మెస్సీ బాటనీ చదివి, నాలుగేళ్లుగా ఒక కాలేజీలో కాంట్రాక్టు మీద పాఠాలు చెబుతోంది. నాన్న మాట అయ్యాక మెల్లగా తన మాట చెప్పింది: “ఒక్కసారి పర్మినెంట్ అయితే చాలు సార్. ప్రమోషన్లు వాటంతట అవే వస్తాయి కదా.”

తండ్రి నమ్మకం ఒకటి, బిడ్డ నమ్మకం ఇంకొకటి. రెండూ తప్పే. పొలం పోయేది మాత్రం తండ్రి నమ్మకం వల్ల కాబట్టి దాని సంగతి ముందు చూద్దాం.

అర్హత ఒక్క ముక్కలో చెప్పేస్తాను. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు పీజీలో 55 శాతం మార్కులు, రిజర్వేషన్ వర్గాలకు 50 శాతం, ఆపైన నెట్ లేదా సెట్ కావాలి. 2023 జూలై 1 నుంచి యూనివర్సిటీలో చేరడానికి కూడా పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. అంటే ఆ రైతు రెండెకరాలు అమ్మి కొనాలనుకున్న తాళంచెవి అసలు ఆ తలుపుదే కాదు. పిల్ల ముందు రాయాల్సింది నెట్. నూటయాభై ప్రశ్నలు, మూడు వందల మార్కులు, తప్పు రాస్తే కోత లేదు. మన దగ్గర సెట్‌ను ఉస్మానియా నిర్వహిస్తుంది. దీనికి హైదరాబాద్‌లో హాస్టల్లో పడేసి లక్ష రూపాయల కోచింగ్ ఇప్పించే తల్లిదండ్రులను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పాత ప్రశ్నపత్రాలు ముందేసుకుని ఆర్నెల్లు కూర్చుంటే తేలే పరీక్ష అది.

మరి పీహెచ్‌డీ దండగా? కాదు. దాని అవసరం పై మెట్ల దగ్గర పడుతుంది. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ లెవెల్ 10లో, 57,700 మూలవేతనంతో మొదలవుతాడు. పీహెచ్‌డీ ఉన్నవాడు నాలుగేళ్లకే లెవెల్ 11కు వెళ్తాడు. లేనివాడు ఆరేళ్లు ఆగాలి. అక్కడి నుంచి లెవెల్ 12కు ఐదేళ్లు, అసోసియేట్ ప్రొఫెసర్‌కు మరో మూడు, ప్రొఫెసర్‌కు ఇంకో మూడు. అన్నీ సమయానికి జరిగినా పదిహేనేళ్లు. అసోసియేట్ మెట్టు దగ్గర పీహెచ్‌డీ లేకపోతే బండి అక్కడే ఆగిపోతుంది. ముప్పై ఏళ్లకు చేరినవాడు నలభై ఐదుకు ప్రొఫెసర్ కావచ్చు. యాభై ఐదుకూ కాకపోవచ్చు.

ఆ తేడా ఎక్కడొస్తుందో ఆ అమ్మాయికి చెప్పాల్సి వచ్చింది. మన దేశంలో ప్రొబేషన్ ఏడాది, మహా అయితే ఇంకో ఏడాది. తర్వాత ఉద్యోగం ఖాయం. అమెరికాలో మేనత్త కొడుకు ఉన్న ప్రతి ఇంట్లో ఇప్పుడు ‘టెన్యూర్’ అనే మాట వినబడుతోంది గానీ, అది వేరే లోకం. అక్కడ అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా ఆరేడేళ్లు పనిచేశాక ఒకే ఒక్క తీర్పు ఉంటుంది. నెగ్గితే జీవితాంతం కుర్చీ, ఓడితే మూటాముల్లె సర్దుకోవాలి. మనవాళ్లలో ఆ దెబ్బ తిన్నది సామాన్యుడేం కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు రక్తంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని హార్వర్డ్‌లో తన సహచరుడు ఫిస్కేతో కలిసి 1925లో లోకానికిచ్చాడు. ఆ పద్ధతి ఇప్పటికీ ఇద్దరి పేర్లతోనే ఉంది. అయినా హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన స్థానం దక్కలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీకి వెళ్లిపోయాడు. ఆయన నడిపిన బృందాల చేతుల్లోనే ఫోలిక్ యాసిడ్ తయారీ, ఆరియోమైసిన్ రూపుకట్టాయి. డల్లాస్ మేనల్లుడికి టెన్యూర్ రాలేదని ఫోన్‌లో నిట్టూర్చే మేనమామలు ఈ సంగతి ఒకసారి గుర్తు చేసుకుంటే బాగుండు.

ఇక్కడ ఎవరూ బయటికి పొమ్మనరు, అదే మన చిక్కు. ఉద్యోగం పోదు కాబట్టి ఫైలు కదలదు. చేరిన మొదటి సంవత్సరం నుంచే ప్రతి ఏటా స్వీయ మదింపు రిపోర్టు ఇవ్వాలి. ‘తర్వాత ఒకేసారి రాసుకుందాంలే’ అని ఎనిమిదేళ్లు వదిలేసి, ప్రమోషన్ కమిటీ కూర్చుంటుందనగానే పాత టైంటేబుళ్ల కోసం ఆఫీసు అటెండర్ చుట్టూ తిరిగే లెక్చరర్లను నేను చాలామందిని చూశాను. మదింపులో మొదటి లెక్క పరిశోధనది కూడా కాదు, క్లాసులది. మీకిచ్చిన క్లాసుల్లో 80 శాతం తీసుకుంటే ‘బాగుంది’, 70కి తగ్గితే ‘సంతృప్తికరం కాదు’. ఆ రిజిస్టరు మీ దగ్గర లేకపోతే మీరు ఎంత గొప్పగా పాఠం చెప్పారో ఎవరికీ తెలియదు. తర్వాత ఓరియెంటేషన్, రిఫ్రెషర్ కోర్సులు. యూజీసీ శిక్షణ కేంద్రాల్లో ఇవి నామమాత్రపు ఫీజుకు దొరుకుతాయి. మొదటి నాలుగేళ్లలోనే పూర్తి చేసుకోండి.

ఆలస్యం ఖరీదు చాలామందికి తెలియదు. షరతులన్నీ తీరి ఉంటే, కమిటీ ఆలస్యంగా కూర్చున్నా అర్హత వచ్చిన తేదీ నుంచే ప్రమోషన్ లెక్క. ఒక్క రిఫ్రెషర్ మిగిలిపోతే అది పూర్తయిన రోజు నుంచి. ఆ మధ్యలో పోయిన ఇంక్రిమెంట్లు తిరిగి రావు, పై మెట్ల తేదీలు కూడా అన్నీ వెనక్కి జరుగుతాయి.

ఇక పేపర్ల బజారు. యూనివర్సిటీలో అసోసియేట్ కావడానికి కనీసం ఏడు పరిశోధనా వ్యాసాలు, 70 రీసెర్చ్ స్కోరు. ప్రొఫెసర్‌కు పది వ్యాసాలు, 110 స్కోరు. ఈ అంకెలు బయటికొచ్చిన రోజు నుంచి ఒక వ్యాపారం పుట్టింది. వాట్సాప్‌లో మెసేజ్ వస్తుంది: ఇంత కడితే పది రోజుల్లో ప్రచురణ, ఇంకాస్త తక్కువకు నాలుగో రచయితగా పేరు. కొనేవాడికి తెలియని లెక్క ఒకటుంది. సైన్సు వ్యాసానికి 8 పాయింట్లు. ఇద్దరు రాస్తే ఒక్కొక్కరికి అందులో 70 శాతం. ఇద్దరు దాటితే మొదటి లేదా బాధ్యత వహించే రచయితకు 70 శాతం, మిగతావాళ్లకు తలా 30 శాతం. అంటే నాలుగో పేరుకు వచ్చేది రెండున్నర పాయింట్లు కూడా ఉండవు. అలా 70కి చేరాలంటే దాదాపు ముప్పై చోట్ల పేరు కొనాలి. ఆ డబ్బుతో కూతురి పెళ్లి చేయొచ్చు.

ఆమోదిత జర్నళ్ల యూజీసీ ‘కేర్’ జాబితా 2025 ఫిబ్రవరిలో రద్దయ్యాక ఈ దుకాణాలు కొత్త పాట మొదలెట్టాయి: ‘లిస్టే లేదు సార్, ఏ జర్నల్ అయినా చెల్లుతుంది’ అని. నిజం దానికి తలకిందులు. ఇప్పుడు జర్నల్ మంచిచెడ్డలు తేల్చే బాధ్యత మీ సంస్థ మీద పడింది. అంటే కమిటీలో కూర్చున్న సబ్జెక్టు నిపుణుడు మీ వ్యాసం తీసి ముందే చదవొచ్చు. చదివితే తట్టుకునే వ్యాసాలు రాయండి. 2025 జనవరిలో కొత్త నిబంధనల ముసాయిదా కూడా వచ్చింది, నేను చెబుతున్న లెక్కలు 2018వి. మీ సంస్థలో ఏది అమల్లో ఉందో ఆఫీసులో కాగితం చూసి తెలుసుకోండి, స్టాఫ్ రూంలో విని కాదు.

డాక్టరేట్ల సంత ఇంకా ఘోరం. ‘హాజరు అక్కర్లేదు, థీసిస్ మేమే చూసుకుంటాం’ అంటూ దూరపు రాష్ట్రాల ప్రైవేటు యూనివర్సిటీల పేరుతో ఏజెంట్లు మన మండల కేంద్రాల దాకా వచ్చారు. నియమాలు పాటించలేదని రాజస్థాన్‌లోని మూడు ప్రైవేటు యూనివర్సిటీలను 2025-26 నుంచి ఐదేళ్లపాటు పీహెచ్‌డీ ప్రవేశాలు చేపట్టకుండా యూజీసీ ఆపేసింది. అలాంటి పట్టా పట్టుకుని ఇంటర్వ్యూకు వెళ్తే మొదటి ప్రశ్న సబ్జెక్టు మీద రాదు, ‘మీ గైడ్ పేరేంటి, ఎన్నిసార్లు కలిశారు’ అని వస్తుంది. రెండెకరాల మడి ఇందుకా?

నన్నడిగితే దారి ఇది. ముందు నెట్ లేదా సెట్. వెంటనే చేతికందే సర్కారు పోస్టు ఏదైనా సరే, జూనియర్ లెక్చరర్ అయినా చిన్నతనం అనుకోవద్దు. 2022 డిసెంబరులో ఒక్క నోటిఫికేషన్‌లోనే 1,392 జూనియర్ లెక్చరర్ పోస్టులు వచ్చాయి. అదే కాలంలో మన యూనివర్సిటీల్లో రెగ్యులర్ నియామకాలు ఏళ్ల తరబడి లేవు. ‘ప్రొఫెసర్ తప్ప ఏదీ వద్దు’ అని ముప్పై ఐదేళ్లదాకా పిల్లలను ఖాళీగా కూర్చోబెట్టడం పెంపకం అనిపించుకోదు. ఉద్యోగంలో చేరాక పీహెచ్‌డీ చేయండి. 2022 నిబంధనలు పార్ట్‌టైంకు అవకాశమిచ్చాయి, మీ సంస్థ నుంచి అనుమతి పత్రం తెచ్చుకోవాలి. కనీసం మూడేళ్లు, సాధారణంగా ఆరేళ్ల లోపు ముగించాలి. గైడ్‌ను పేరు చూసి ఎంచుకోవద్దు, ఫోన్ ఎత్తుతాడా లేదా చూడండి. ప్రొఫెసర్ దగ్గర ఎనిమిది మంది, అసిస్టెంట్ దగ్గర నలుగురే స్కాలర్లు ఉండాలి. ఆ నలుగురిలో ఒకరు కావడం మేలు.

అంశం కూడా దగ్గరిదే తీసుకోమంటాను. ఆ అమ్మాయికి కట్ట అవతల అడవి చూపించాను. ఒకప్పటి నిజాం వేటస్థలం, ఇప్పటి పోచారం అభయారణ్యం. “చెరువు నిండినప్పుడొకటి, ఎండినప్పుడొకటి, ఒడ్డు మొక్కలు ఎలా మారతాయో ఇక్కడ ఉండి చూసేవాళ్లెంతమందమ్మా?” అని అడిగాను. 2025 ఆగస్టు వరదకు ఈ కట్ట నిలుస్తుందా అని జిల్లా అంతా ఊపిరి బిగబట్టింది. ఆ వరద తర్వాత ఒడ్డు ఎలా ఉందో ఆమె రోజూ బస్సులోంచి చూస్తూనే ఉంది. డిచ్‌పల్లిలో తెలంగాణ యూనివర్సిటీ, దాని సౌత్ క్యాంపస్ మన జిల్లాలోనే భిక్కనూరులో. అంత దగ్గరలో చదువు పెట్టుకుని ఏజెంటు కోసం బస్టాండులో ఎందుకు నిలబడాలి?

ఆమె చివరి ప్రశ్న నాలుగేళ్ల కాంట్రాక్టు సర్వీసు గురించి. రేపు రెగ్యులర్ అయితే అది ప్రమోషన్‌కు కలుస్తుందా? నిబంధనల్లో దారి ఉంది, షరతులూ ఉన్నాయి. అప్పటికే అర్హతలుండాలి, సరైన సెలక్షన్ కమిటీ ద్వారా ఎంపికై ఉండాలి, జీతం రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ మొత్తం జీతానికి తగ్గకూడదు. ఈ మూడోది మన దగ్గర చాలామందికి అందని మెట్టు, పీరియడ్‌కు ఇంతని తీసుకునే గెస్ట్ లెక్చరర్లకు అసలే అందదు. ఆ సంగతి దాచకుండా చెప్పాను. అయినా సెలక్షన్ ఆర్డరు, జీతం కాగితాలు ఉన్నాయా అని అడిగాను. తండ్రి వైపు చూసింది. బీరువాలో ఉండాలి అన్నాడాయన.

రెండు రోజులకు ఫోన్ చేసింది. ఆర్డరు దొరికిందట, మొదటి ఏడాది పే స్లిప్పులు మాత్రం మూడు నెలలవి లేవు. బ్యాంకు పాస్‌బుక్ తీసుకుని ఎల్లారెడ్డి బ్రాంచికి వెళ్లి, ఆ మూడు నెలల స్టేట్‌మెంట్ మీద సీలు వేయించుకు రమ్మన్నాను. నెట్ దరఖాస్తు తేదీ ఎప్పుడో కూడా అడిగింది. పొలం సంగతి నేనే అడిగాను. యాసంగి నాట్లు పడుతున్నాయంది.