చందా అడగడానికి సిగ్గెందుకమ్మా

చి. స్రవంతికి,

అడుక్కోవడం కాదమ్మా అది. చర్చ మంచి పట్టులో ఉండగా ఆపేసి, ఫోన్ చేసి చందా కట్టమని గంటల తరబడి అడుగుతుంటే తల కొట్టేసినట్టుందని రాశావు. హ్యూస్టన్‌లో చదువుకుంటూ కేపీఎఫ్‌టీ రేడియోలో ఫోన్లెత్తే పనికి ఒప్పుకున్న పిల్ల, ఆ స్టేషన్ ఎవరి సొమ్ముతో నడుస్తోందో ముందే కనుక్కోవద్దూ?

రెండో ప్రపంచ యుద్ధంలో తుపాకి పట్టనని నిలబడ్డ లూయిస్ హిల్ అనే మనిషి 1946లో, ఇప్పుడు మీ స్టేషన్ని నడిపే పసిఫికా ఫౌండేషన్ పెట్టాడు. దాని తొలి స్టేషన్ కేపీఎఫ్ఏ 1949 ఏప్రిల్ 15న బర్క్లీలో మొదలైంది. వ్యాపార ప్రకటనలు ఉండవు. వినేవాళ్ళే చందా కట్టాలి. స్టేషన్ అందే మేరలో నూటికి ఇద్దరు కడితే గడిచిపోతుందని హిల్ లెక్క. లెక్క బాగానే ఉంది కానీ, ఆ రోజుల్లో ఎఫ్ఎం పలికే సెట్టు ఎన్ని ఇళ్ళలో ఉందని! 1950 ఆగస్టుకల్లా డబ్బు నిండుకుని స్టేషన్ మూగబోయింది. తర్వాతి ఏడాది మళ్ళీ తెరిపించింది వినేవాళ్ళే, తలా కాస్తా పోగేసి.

ప్రకటనలిచ్చేవాడు అలుగుతాడన్న బెంగ లేకపోతే ఏం వినిపించొచ్చో చూడు. మాంట్‌గోమరీలో బస్సుల బహిష్కరణ ఇంకా సాగుతుండగానే, 1956లో, బస్సులో సీటు వదలనన్న రోజా పార్క్స్ తన సంగతి తానే చెప్పిన టేపు పసిఫికా భాండాగారంలో ఉంది. 1961లో న్యూయార్క్ స్టేషన్ డబ్ల్యూబీఏఐలో మాల్కం ఎక్స్, జేమ్స్ బాల్డ్విన్ ఎదురెదురుగా వాదించుకున్నారు. మరుసటేడు అదే స్టేషన్ ఎఫ్‌బీఐ మాజీ ఏజెంటు ఒకరితో ఆ సంస్థ లోగుట్టు చెప్పించింది. దాంతో సెనేట్ ఉపసంఘం పసిఫికా వాళ్ళని పిలిపించి ప్రశ్నించింది, లైసెన్సుల పునరుద్ధరణ నానింది. 1964 జనవరిలో గానీ అవి చేతికి రాలేదు.

ఇక నువ్వు ఫోన్లెత్తే స్టేషన్ కథ వేరు. కేపీఎఫ్‌టీ మొదలైంది 1970 మార్చిలో. మూడు నెలలు తిరక్కుండానే, మే 12న, తెల్లజాతి దురహంకారుల ముఠా కూ క్లక్స్ క్లాన్ వాళ్ళు దాని ట్రాన్స్‌మిటర్‌ని డైనమైట్‌తో పేల్చారు. బాగుచేసుకుని నిలబడితే అక్టోబరులో మళ్ళీ పేల్చారు. అలా ఒకసారి పేలినప్పుడు గాలిలో ఉన్నది ఆర్లో గత్రీ పాట. 1971 జనవరిలో స్టేషన్ తిరిగి లేచినప్పుడు ఆయనే వచ్చి స్వయంగా పాడాడు. ఆ ఊళ్ళో ఇప్పుడు ఇంతమంది తెలుగువాళ్ళున్నారు కదా, ఇది ఎంతమందికి తెలుసో అడిగి చూడు.

సరే, ఫోన్లతో పాటు పోలీసు దౌర్జన్యాల మీద నువ్వు నడపబోతున్న చర్చ సంగతి. అతిథుల జాబితా చూసి మీ పెదనాన్నకి కోపమే వచ్చింది. లాయరు, ప్రొఫెసరు, ఇద్దరు ఉద్యమకారులు. నలుగురిదీ ఒకే మాట. అది చర్చ కాదు తల్లీ, భజన. స్టేషన్‌కి ఒక పక్షం ఉండటం తప్పు కాదు. అన్యాయం జరిగిన చోట మధ్యస్థంగా కూర్చోవడమూ గొప్ప కాదు. అలాగని ఎదుటివాడికి కుర్చీ వెయ్యకపోతే, మనవాళ్ళ వాదనలో పస ఎంతో తేలేదెలా? తర్వాత రేగన్ దగ్గర రక్షణ మంత్రి అయిన క్యాస్పర్ వైన్‌బర్గర్ లాంటి రిపబ్లికన్ కూడా తొలినాళ్ళలో కేపీఎఫ్ఏ మైకు ముందు మాట్లాడాడు. యుద్ధం వద్దన్నవాళ్ళు పెట్టిన స్టేషన్లో! పోలీసు సంఘం నుంచి ఒకరిని పిలు. పిలిచాక మాట తుంచకు. అంకెలు చెబితే ఏ రికార్డులోవో అడుగు, కేసు గురించి చెబితే తీర్పు చదివి వచ్చారేమో అడుగు. నీ లాయర్నీ అలాగే నిలదియ్యి.

చందాల పద్ధతిలోనూ చిక్కుంది. కట్టేవాళ్ళు తమకు నచ్చిన మాటే వినాలనుకుంటారు. పైగా స్టేషన్ తమదన్న పంతమూ పెరుగుతుంది. 1999 జులైలో పసిఫికా యాజమాన్యం కేపీఎఫ్ఏ సిబ్బందిని బయటికి పంపి తలుపులు మూస్తే, బర్క్లీ వీధుల్లోకి వేలమంది వచ్చేశారు. అయినా సర్కారు సొమ్ము కన్నా ఈ తలనొప్పే నయం. ప్రజాప్రసారాలకి ఇస్తామన్న దాదాపు 110 కోట్ల డాలర్లను 2025లో అమెరికా కాంగ్రెస్ రద్దు చేసేసింది కదా.

మన దగ్గర చూడు. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అందులో ఒక న్యాయమూర్తి, జస్టిస్ పి.బి. సావంత్, 2008 అక్టోబరులో జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్ వచ్చి దళిత మహిళల సంఘం రేడియోని ప్రారంభించారు. విత్తనాల గురించి, జొన్నల గురించి, తమ బతుకుల గురించి వాళ్ళు వాళ్ళ యాసలోనే చెప్పుకుంటారు. కానీ సొంతంగా వార్తలు చెప్పడానికి కమ్యూనిటీ రేడియోకి ఇక్కడ అనుమతి లేదు. నీ చేతిలో ఉన్న మైకుకి ఆ అడ్డు లేదు.

ఈసారి చందా అడిగేటప్పుడు డబ్బు దేనికి పోతుందో విడమరిచి చెప్పు: కరెంటు, అద్దె, ట్రాన్స్‌మిటర్ మరమ్మతు. పోలీసు సంఘం రానంటే, పిలిచినా రాలేదని ప్రసారంలోనే చెప్పేసి ముందుకు నడువు. రికార్డింగు పంపు, మీ పెద్దమ్మా వింటానంటోంది.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న