చేపల తొట్టికి ఎంత ధార కావాలి?

మన హాస్టల్ వరండాలోని గాజు తొట్టిలో పోయిన నెల ఫైటర్ చేప చచ్చిపోయింది. మేత చాలక కాదు. నీళ్లు బాగా శుభ్రపడతాయని గంటకు 900 లీటర్లు తోడే పంపు పెట్టింది మనమే. కోటప్పకొండ తిరునాళ్ల తోపులాటలో చిక్కిన పిల్లాడిలా అది మూడు రోజులు కొట్టుకుపోయి, చివరికి పంపు పీల్చే మూతికి అతుక్కుని కనబడింది. దాని పొడుగు రెక్కలు నిదానం నీళ్లకే గానీ వడికి ఆగవు.

సాగర్ కుడి కాలువలో వల వేసే మా నాన్నకు ఈ సంగతి చెప్తే, "వడిలో ఎంతసేపని ఈదుద్దిరా? రాయి చాటున నీళ్లు నెమ్మదిగా ఉన్నచోటే చేప నిలబడుద్ది" అన్నాడు.

అట్లాగని ధార మరీ తగ్గించకూడదు. చేపల విసర్జన వల్ల నీళ్లలో అమ్మోనియా అనే విషం చేరుతుంది. ఫిల్టరు స్పాంజిలో పెరిగే బాక్టీరియా దాన్ని ముందు నైట్రైటుగా, తర్వాత అంత హాని చెయ్యని నైట్రేటుగా మారుస్తాయి. నీళ్లు స్పాంజి గుండా తిరుగుతుంటేనే ఈ పని జరుగుతుంది.

మరి ఎంత ధార? లెక్క తేలికే. మన తొట్టి పొడవు 60, వెడల్పు 30, నీటి ఎత్తు 25 సెంటీమీటర్లు. మూడూ గుణించి 1000తో భాగిస్తే 45 లీటర్లు. మామూలుగా తొట్టెడు నీళ్లు గంటకు 4 నుంచి 6 సార్లు ఫిల్టరులో తిరిగితే చాలంటారు. అంటే 180 నుంచి 270 లీటర్లు. పెట్టె మీది అంకె ప్రకారం మన పంపు 20 సార్లు తిప్పేది! ఫైటరుకు తక్కువ ధార, ఎక్కువ మలినం చేసే గోల్డ్ ఫిష్‌కు ఎక్కువ ధార పెట్టాలి.

పెట్టె మీది అంకెనే నమ్ముకోవద్దు. స్పాంజి అడ్డం వల్ల, పైపు ఎత్తు వల్ల అసలు ధార తగ్గుతుంది. ధార కింద లీటరు మగ్గు పట్టి, ఎన్ని సెకన్లకు నిండిందో చూసి, 3600ను ఆ అంకెతో భాగించండి. స్పాంజికి మురికి పట్టినా ధార తగ్గుతుంది. దాన్ని తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండాలి. కుళాయి నీళ్లలోని క్లోరిన్ బాక్టీరియాను చంపుతుంది.

ఇప్పుడు పంపు మర తిప్పి ధార తగ్గించాం, మూతికి స్పాంజి కట్టాం. మగ్గు 16 సెకన్లకు నిండుతోంది, అంటే గంటకు 225 లీటర్లు. ఆదివారం మీరూ వచ్చి కొలవండి. లెక్క సరిపోయాకే ఇంకో చేప కోసం వార్డెన్ గారిని అడుగుదాం.

— 9వ తరగతి విద్యార్థి