చెప్పకమునుపే పనికి పూనుకొనుట

"జీతగాడు చెప్పిన పని చేయును, చెప్పనిది ముట్టడు" అని కొంగరకలాన్ ప్రాంతపు రైతులు మాతో తరచుగా ననుచుందురు. ఇది సోమరితనమని వారి తీర్మానము. మాకట్లు తోచదు. ఆ మనిషియే తన యింటిగోడ బీట వారినచో నెవరును చెప్పకయే మట్టి తెచ్చి మెత్తును గదా!

పూర్వము మన చెరువుల క్రింద నీరటికాడుండెడివాడు. తూము తీయుట, మూయుట, మడిమడికి నీరు పంచుట, వానకాలమున కట్టను కాచుట యతని పని. పంట నూర్చినపుడు ఆయకట్టు రైతులు కల్లములో ధాన్యము కొలిచి యిచ్చెడివారు. మడి యెండినచో నతని గింజయు నెండును. కనుక అర్ధరాత్రి వాన పట్టినను పటేలు కబురంపువరకు నతడాగనక్కరలేదు. అయితే గింజ యొక్కటియే కారణము కాదు. తూముపై చేయి వేయు నధికారమతనిదని యూరెల్ల నెరుగును. మా తలంపున నీ రెండవదే బరువైనది.

అప్పు క్రింద జీతమున్నవాని సంగతి వేరు. ఎంత పాటుపడినను అప్పు తరుగదు. మాని పోవుటకు వీలు లేదు. అట్టివానికి చొరవ యేల పుట్టును? 1976వ సంవత్సరపు వెట్టిచాకిరి నిర్మూలన చట్టము ఆ కట్టును తెంచినది. మన మాటతీరు మాత్రము కొన్ని యిండ్లలో నింకను మారలేదు.

మేమెరిగిన యొక జీతగాడు మోటారు కమురువాసన పసిగట్టి ఆపివేసెను. నీటివంతు పోయెనని రైతు తిట్టెను. మరుమాసము మోటారు కాలుచుండగా నతడు చెట్టునీడను కూర్చుండెను. తప్పెవరిదో సభ్యులే చెప్పవలెను.

జపాను దేశపు టయోటా మోటారు కర్మాగారములో 1951 మొదలు పనివారు తమకు తోచిన సవరణలను తెలుపు నేర్పాటు కలదు. లోపము కనబడినచో సామాన్యపు పనివాడైనను త్రాడు లాగి పనిని నిలుపవచ్చును. పైవాడు వచ్చి సాయపడును. మన కొంగరకలాన్‌లోనే 2023 మే నెలలో ఫాక్స్‌కాన్ కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినది. కర్మాగారములలో పని మరగిన పిల్లలు రేపు మన పొలములకు వచ్చి, ఇచ్చట నాకేమి స్వతంత్రము కలదని యడుగక మానరు.

జీతము చెప్పిన దినమున చేతికందనిచో తక్కినవెల్ల వ్యర్థము. అది సరియైనపిదప, తొలకరికి ముందే మనిషిని కూర్చుండబెట్టి, మోటారు ఆపుట, గట్టు తెగినచో కట్టుట, జబ్బుపడిన పశువును వేరుచేయుట నీ యిష్టమని స్పష్టముగా చెప్పవలెను. రెండువందల రూపాయలలోపు ఖర్చును తానే చేసి సాయంత్రము లెక్క చెప్పనిండు. పొరపడినచో ముందు అతని మాట వినుడు. మన సంఘపు గిడ్డంగిలో తూకము వేయువానికిని, చెమ్మ యెక్కిన బస్తాను ఎవరిదైనను ప్రక్కన పెట్టు నధికారము కలదని రాబోవు సమావేశపు మినిట్సు పుస్తకములో వ్రాయించుడు.