పెరటిలో క్రొత్త మొక్కలు: పెంచు విధము, వహింపవలసిన జాగ్రత్త

మన వంటయింట నిత్యము వాడు మిరపకాయ మన దేశమున పుట్టినది కాదు. టమాటా, వేరుశనగ, జామ, బొప్పాయి మొదలైనవన్నియు అమెరికా ఖండములనుండి సముద్రము దాటి వచ్చినవే. సీతమ్మవారి పేరు ధరించిన సీతాఫలము సైతము ఆ దేశములదే యన్నచో పలువురికి ఆశ్చర్యము కలుగవచ్చును. వీనిని మొదట తమ పెరటిలో నాటినవారు ఆనాటి ఇరుగుపొరుగువారికి వింత మనుషులుగా తోచియుందురు. నేటి వింత మొక్క రేపటి పంట కావచ్చును. అట్లే రేపటి పీడయు కావచ్చును. ఈ రెండు విషయములను పంచాయతీ సభ్యుల యెదుట నుంచుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ప్రతి గ్రామమునను క్రొత్త మొక్కలపై మక్కువ గలవారు ఇద్దరో ముగ్గురో ఉందురు. వారు బంధువుల యింటికి పోయినను తిరిగి వచ్చునపుడు సంచిలో ఒక కొమ్మయో, కాగితపు పొట్లములో నాలుగు గింజలో తెచ్చుకొందురు. ఇది పనిలేనివారి సరదా యని తలపరాదు. మొక్కను మొలపించు నేర్పు గలవారు గ్రామమునకు ఆస్తి వంటివారు.

విత్తనమా? కొమ్మయా?

మొక్కను పెంచుటకు ముఖ్యముగా రెండు మార్గములు గలవు. విత్తనమునుండి పుట్టిన మొక్కకు తల్లి గుణములును, పుప్పొడి నిచ్చిన చెట్టు గుణములును కలిసి వచ్చును. కావున బిడ్డ తల్లివలెనే ఉండునను నమ్మకము లేదు. బంగినపల్లి మామిడి టెంకను పాతిపెట్టినచో చెట్టు మొలచును గాని, దాని పండు బంగినపల్లి కాకపోవచ్చును. అందుచేతనే తోటల రైతులు అంటుమొక్కలను కొందురు. కొమ్మను నాటి పెంచిన మొక్క తల్లి మొక్కకు అచ్చమైన ప్రతిరూపము. పూవు రంగు, కాయ రుచి మారవు. పూతయు త్వరగా వచ్చును.

అయినను కొన్నిటికి విత్తనమే మేలు. ఆఫ్రికా, అరేబియా ప్రాంతములకు చెందిన ఎడారి గులాబి, అనగా అడీనియము, ఇందుకు మంచి ఉదాహరణము. దీని అందమంతయు కుండవలె ఉబ్బిన మొదటిలో నున్నది. గింజనుండి వచ్చిన మొక్కకు ఆ మొదలు చక్కగా ఏర్పడును. కొమ్మ నాటిన మొక్క పూయును గాని, దాని మొదలు సాధారణముగా అంత బాగుగా ఉబ్బదు.

బ్రహ్మకమలము

నేడు మన పల్లెలలో అనేకులు బ్రహ్మకమలమను పేర పెంచుచున్న మొక్క మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతములకు చెందినది. ఇది ముండ్లు లేని జెముడు జాతి మొక్క. హిమాలయములపై పెరుగు అసలైన బ్రహ్మకమలము వేరు. ఈ మొక్కకు మనము ఆకు అనుకొనునది నిజమునకు పలుచబడిన కాండమే. పూవు చీకటి పడిన పిమ్మట విచ్చుకొని, తెల్లవారునప్పటికి వాడిపోవును. అది పూయు రాత్రి వీధివారందరు దీపము పట్టుకొని వచ్చి చూచుట మేమెరుగుదుము.

దీనిని పెంచుట సులభము. జానెడు పొడవు గల ముదిరిన ఆకును కోసి, గాయము ఆరువరకు నాలుగైదు రోజులు నీడలో ఉంచవలెను. ఆరకముందే నాటినచో కుళ్లిపోవును. పిదప ఇసుక కలిసిన తేలిక మట్టిలో రెండంగుళముల లోతున నిలువుగా నాటి, చెట్టు నీడన ఉంచవలెను. నీరు మితముగా పోయవలెను. రెండు మూడేండ్లలో పూవు చూడవచ్చును.

విత్తనములు మొలపించుట

ఎర్రమట్టి, ఇసుక, బాగుగా చివికిన పశువుల ఎరువు సమపాళ్లలో కలిపి కుండీలలో నింపవలెను. కుండీ అడుగున నీరు పోవు రంధ్రము తప్పక ఉండవలెను. గింజను దాని మందమునకు రెండు మూడు రెట్ల లోతున మాత్రమే విత్తవలెను. మిక్కిలి సన్నని గింజలను పైపైన చల్లి ఇసుకతో కప్పిన చాలును. గట్టి పెంకు గల గింజలను ఒక ప్రక్క గరుకు రాతిపై కొంచెము రుద్ది, ఒక రాత్రి నీట నానబెట్టినచో తేమ లోపలికి పోయి త్వరగా మొలకెత్తును. పెక్కు గింజలు పాతబడిన కొలది మొలచు శక్తిని కోల్పోవును. కావున పొట్లముపై మొక్క పేరును, గింజ సేకరించిన తేదీని వ్రాయుట అలవాటు చేసికొనవలెను.

కొమ్మలు నాటుట

తొలకరి వానలు పడి గాలిలో తేమ పెరిగిన కాలము ఇందుకు అనుకూలము. తెగులు లేని చెట్టునుండి పెన్సిలంత లావు, జానెడు పొడవు గల కొమ్మను పదునైన కత్తితో కణుపునకు కొంచెము దిగువగా కోయవలెను. వేళ్లు ఎక్కువగా కణుపువద్దనే పుట్టును. క్రింది ఆకులను తీసివేసి, పైన రెండు మూడు మాత్రమే ఉంచవలెను. రెండు కణుపులు మట్టిలో ఉండునట్లు నాటి, నీడలో ఉంచి, మట్టి ఆరకుండ చూడవలెను. వేరు పట్టినదా యని మాటిమాటికి పెరికి చూచుట తగదు. క్రొత్త చిగురు వచ్చి నిలిచిన పిదపనే ఎండకు అలవాటు చేయవలెను.

ఒక చెరువు కథ

మేము పర్యటించిన ఒక గ్రామమున ఒక పెద్దమనిషి ఊదారంగు పూలకు ముచ్చటపడి, గుర్రపుడెక్క మొక్కలు మూడింటిని నీళ్ల తొట్టిలో పెంచెను. తొట్టి నిండగా మిగిలినవాటిని కాలువలో పారవేసెను. ఆ కాలువ చెరువులో కలియుచున్నది. రెండు వర్షకాలములు గడచునప్పటికి చెరువులో నీరు కనబడలేదు. వలలు విసరుటకు చోటు లేక బెస్తవారు, తూములు పూడి రైతులు ఇబ్బంది పడిరి. సభలో ఆయనయే లేచి, “అయ్యా, చేసినది నేనే. పువ్వు చూశాను గాని చెరువు చూడలేదు” అని చెప్పెను. ఆ మాట మేము మరువలేదు.

గుర్రపుడెక్క దక్షిణ అమెరికా నదులలోని మొక్క. పూల అందమునకై పందొమ్మిదవ శతాబ్దిలో వంగదేశమునకు తేబడి, దేశమంతట వ్యాపించినది. అనుకూలమైన నీటిలో సుమారు రెండు వారములలోనే రెట్టింపు కాగలదు. దాని గింజలు బురదలో ఏండ్ల తరబడి జీవించియుండును. లంటానా సైతము తోటల అలంకారమునకై వచ్చి అడవులను ఆక్రమించినదే. సర్కారు తుమ్మ విత్తనములు 1877 ప్రాంతమున జమైకానుండి తెప్పింపబడి కడప జిల్లా కమలాపురమున నాటబడినవి. వంటచెరకు కొరకు సదుద్దేశముతో చేసిన పని అది. నేడు బీళ్లలోను, చెరువు కట్టలపైనను దానిని తొలగించుట ఎంత కష్టమో సభ్యులకు వేరుగ చెప్పనక్కరలేదు.

చట్టము, విషము

విదేశములనుండి విత్తనము, కొమ్మ తెచ్చుటకు 2003 నాటి కేంద్ర ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారము అనుమతి పత్రమును, తెగుళ్లు లేవను ధ్రువపత్రమును అవసరము. అమెరికానుండియో గల్ఫునుండియో వచ్చు పిల్లలతో ఈ మాట ముందే చెప్పవలెను. కంటికి కనబడని పురుగు, శిలీంధ్రము ఒక్క కొమ్మతో రావచ్చును.

అడవినుండి అరుదైన మొక్కలను పెరికి తెచ్చుట అంతకంటె తప్పు. శేషాచలపు కొండలలో చిన్న ఈతచెట్టువలె కనబడు సైకస్ బెడ్డోమై అను మొక్క 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద రక్షణ పొందుచున్నది.

అందమైన మొక్కలు కొన్ని విషపూరితములు. గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త, గురువింద గింజ, అడీనియము పాలు ప్రాణాపాయము కలిగింపగలవు. వీనిని బడి ఆవరణలోను, అంగన్‌వాడీ వద్దను నాటరాదు.

పంచాయతీ చేయదగిన పనులు

1. గ్రామమున మొక్కలు పెంచు నేర్పు గలవారి పేర్లు వ్రాసి, పంచాయతీ నర్సరీకి వారి సలహా తీసికొనవలెను. తెలంగాణలో 2018 నాటి పంచాయతీరాజ్ చట్టము నర్సరీ బాధ్యతను గ్రామ పంచాయతీకి అప్పగించినది.

2. తొలకరికి ముందు ఒక దినమున విత్తనములు, కొమ్మలు ఇచ్చిపుచ్చుకొను కూడిక జరుపవలెను. పేరు తెలియని మొక్కను పంచరాదు.

3. పెరటి మొక్కల వ్యర్థమును కాలువలోను, చెరువులోను వేయరాదని దండోరా వేయించవలెను. చెరువులో గుర్రపుడెక్క పది మొక్కలున్నపుడే తీసివేయించవలెను. పదివేలైన పిదప ఖర్చు భరింపరానిదగును.

4. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ననుసరించి ఏర్పడు గ్రామ కమిటీ వ్రాయు జీవవైవిధ్య రిజిస్టరులో నాటు రకములతో పాటు క్రొత్తగా వచ్చిన మొక్కలను, తెచ్చిన సంవత్సరమును నమోదు చేయించవలెను.

చర్చకు ప్రశ్నలు

మీ గ్రామమున గత పదియేండ్లలో క్రొత్తగా కనబడిన మొక్కలెవ్వి? వానిలో మేలు చేసినవెన్ని, కీడు చేసినవెన్ని? మీ చెరువులోనికి వచ్చు కాలువ ఎవరి పెరళ్ల ప్రక్కగా పారుచున్నది?

పై గ్రామమున ఆ పెద్దమనిషియే నేడు పంచాయతీ నర్సరీకి సలహాదారు. అతని తొట్టిలో ఇపుడు మన దేశపు కలువలు పూయుచున్నవి. క్రొత్త కొమ్మ ఎవరు తెచ్చినను అతడు అడుగు మొదటి ప్రశ్న పూవు రంగును గూర్చి కాదు, “ఇది గోడ దాటి పోతుందా?” అనియే. ప్రతి పంచాయతీ సభ్యుడును ఆ ప్రశ్న అడుగుట నేర్చినచో మన చెరువులు, బీళ్లు, పెరళ్లు కూడ క్షేమముగ నుండును.