రోగి మాట వినిన వైద్యురాలు

రెండవ ప్రపంచ యుద్ధము సాగుచున్న కాలమున, 1940లో, సిసిలీ సాండర్స్ అను ఆంగ్ల యువతి ఆక్స్‌ఫర్డులో చదువును మధ్యలో నిలిపి నర్సు శిక్షణకై లండను చేరెను. కాని వెన్నునొప్పి ముదురుటచే ఆ వృత్తిని ఆమె విడువవలసి వచ్చెను. వృత్తిని విడిచినను ఆసుపత్రిని విడువలేదు. రోగుల ఇంటి కష్టములను, ధనపు ఇబ్బందులను విచారించి సాయము సమకూర్చు ఉద్యోగమున మరల ప్రవేశించెను.

ఆ పనిలోనే 1947లో డేవిడ్ టాస్మా అను రోగి ఆమెకు పరిచితుడయ్యెను. అతడు పోలండునుండి వచ్చిన యూదుడు. వడ్డన పని చేసి బ్రతికినవాడు. నయము కాని కాన్సరు సోకినది. చెంత ఆప్తులు లేరు. తాను జీవించిన గుర్తేదియు మిగులదన్న చింత అతనిని నొప్పికంటె మిక్కిలిగా బాధించెను. సాండర్స్ అనేక పర్యాయములు అతని ప్రక్కన కూర్చుండి మాటలాడెను. మరణమాసన్నమైనవారు శాంతిగా ఉండదగిన గృహ మొకటి ఎట్లుండవలెనో వారిరువురును ఊహించుకొనిరి. 1948లో మరణించుచు అతడు ఆ గృహమునకు 500 పౌండ్లు విడిచి, దానిలో తానొక కిటికీ నగుదునని చెప్పెను.

ఆ దినములలో ఆసుపత్రుల పద్ధతి విచిత్రముగా నుండెడిది. నొప్పి తిరిగి వచ్చి, రోగి అడిగిన పిదపనే మందిచ్చెడివారు. ముందుగా ఇచ్చినచో అలవాటు పడునని వైద్యుల భయము. రోగి గడియారమువంక చూచుచు, నొప్పికి తోడు నొప్పి వచ్చునన్న భయమును అనుభవించును. భయము నొప్పిని పెంచును. పెరిగిన నొప్పికి ఎక్కువ మందు కావలసి వచ్చును. మందుకై ప్రతి పర్యాయము వేడుకొనుట మరియొక బాధ. సెయింట్ లూక్స్ అను ఆసుపత్రిలో మాత్రము, నొప్పి రాకముందే, నియమిత వేళలకు మందునిచ్చుట సాండర్స్ కనులార చూచెను. అచట స్వచ్ఛందముగా సేవ చేయుచు ఆమె నేర్చిన పాఠమిది.

ఈ పద్ధతిని వ్యాపింపజేయ నెంచిన ఆమెతో ఒక శస్త్రవైద్యుడు, నర్సు మాటను వైద్యులు చెవిని బెట్టరు గనుక ముందు వైద్యవిద్య నేర్వుమనెను. ఆ మాటలో నిజమెంత కలదో విచారమును అంత కలదు. ముప్పదిమూడేండ్ల వయసున ఆమె విద్యార్థినియై, 1957లో వైద్యురాలయ్యెను.

మరుసటి యేడు హాక్నీలోని సెయింట్ జోసెఫ్స్ ఆశ్రమమున ఆమె పని ఆరంభించెను. అచటి సన్యాసినులకు దయకు కొదువ లేదు. కాని ఏ రోగికి ఏ వేళ ఎంత నొప్పి కలిగినదో వ్రాసియుంచు అలవాటు లేదు. సాండర్స్ ఆ అలవాటును నెలకొల్పెను. రోగుల మాటలను యంత్రముపై ముద్రించి భద్రపరచెను. ఒక స్త్రీని నొప్పి యెట్లున్నదని అడుగగా, ఆమె వెన్నునొప్పితో మొదలిడి, తన కొఱకు భర్తయు కుమారుడును పని మాని జీతము పోగొట్టుకొందురేమో అన్న బెంగవరకును చెప్పుకొని పోయెను. దేహము, మనస్సు, కుటుంబము, విశ్వాసము — వీని బాధలన్నియు కలిసినదానికి సాండర్స్ సమగ్ర వేదన అని పేరిడెను. అట్టి వేదనను వైద్యుడొక్కడే తీర్పజాలడు.

కావున 1967లో లండనులోని సిడెన్‌హాంలో ఆమె స్థాపించిన సెయింట్ క్రిస్టఫర్స్ యందు నర్సు, వైద్యుడు, సంఘసేవకురాలు, మతగురువు, స్వచ్ఛంద సేవకులు ఒక్క జట్టుగా పనిచేసిరి. రేయింబవళ్లు రోగి చెంత నుండునది నర్సు. ఆమె గమనించి చెప్పినదానిని బట్టి మందు మోతాదు మార్చబడెడిది. బంధువులు వలసినప్పుడు వచ్చెడివారు. సోమవారము మాత్రము రాకూడదను నియమముండెను. ఇది కాఠిన్యముగా తోచునేమో గాని, అలసిన బంధువులు మనసున నొచ్చుకొనక విశ్రమించుటకై ఏర్పరచిన సెలవది. సిబ్బంది పిల్లలకు ఆటస్థలము కూడ అచటనే యుండెను. టాస్మా కోరిన కిటికీ ప్రవేశ మందిరమున అమరెను.

1969లో ఆ సంస్థ నర్సులు రోగుల ఇండ్లకు వెళ్ల నారంభించిరి. ఇంటియందు నర్సే అతిథి; మంచ మెక్కడ వేయవలెనో, ఏ వేళ స్నానము చేయింపవలెనో ఇంటివారిని అడిగి తెలిసికొనవలసియుండెను. ఆసుపత్రి నియమములకు అలవడినవారికి ఇది క్రొత్త విద్య.

2005లో సాండర్స్ 87 ఏండ్ల వయసున, సెయింట్ క్రిస్టఫర్స్ లోనే, అచటివారి పరిచర్యలో కన్నుమూసెను.